కుర్చీ పక్కన స్టూలు



మీలో పన్ను పీకించుకున్నవాళ్లు, సిమెంటు పెట్టించుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, కళ్లు గట్టిగా మూసుకుని గడిపిన ఆ పావుగంట గుర్తుందా? అప్పుడు మీ నోటి దగ్గర నాలుగు చేతులు పనిచేశాయి. రెండు డాక్టరువి. మిగతా రెండూ ఎవరివో మీరు చూసి ఉండరు. పని అయ్యాక డాక్టరుకి నమస్కారం పెట్టి, పక్కనున్న అమ్మాయితో "నర్సమ్మా, నా కళ్లజోడు ఎక్కడ పెట్టావు?" అని అడిగి వెళ్లిపోతారు. ఆమె నర్సు కాదు. డెంటల్ అసిస్టెంటు. ఈ పావుగంటా ఆమె గురించి మాట్లాడుకుందాం. ఆ కుర్చీ పక్కనున్న చిన్న స్టూలు మీంచి లేచి ఆమె ఎక్కడికి వెళ్లగలదు, ఏ దారిన వెళ్లాలి, ఏ దారిన వెళ్లకూడదు అన్న సంగతి.

నేను తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా పళ్ల డాక్టరుగా పనిచేశాను. మా క్లినిక్‌లో ఒక అమ్మాయి పదకొండేళ్లు ఉంది. ఆమె పని ఎలా ఉండేదో ఒక్క ముక్కలో చెప్తాను. పళ్లసెట్టుకి అచ్చు తీయడానికి ఆల్జినేట్ అని ఒక పొడి వాడతాం. రబ్బరు గిన్నెలో పొడి వేసి, నీళ్లు పోసి, గిన్నె గోడకేసి నొక్కుతూ గబగబా కలిపితే మెత్తటి ముద్ద అవుతుంది. దాన్ని ట్రేలో నింపి నోట్లో పెట్టాలి. నీళ్లు వెచ్చగా ఉన్నాయంటే ముద్ద నోటిదాకా రాకుండా గిన్నెలోనే బిగుసుకుపోతుంది. మే నెలలో మా ఊరి పంపు నీళ్లు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు కదా. ఆ అమ్మాయి పొద్దున్నే రెండు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టేది. మధ్యాహ్నం కరెంటు పోతే మూలనున్న మట్టికుండ నీళ్లు పట్టుకొచ్చేది. గిన్నె అడుగున అరచెయ్యి పెట్టి చూసి, "సార్, గిన్నె ఇంకా వేడిగా ఉంది, ఒక్క నిమిషం" అనేది. నేను ఆగేవాణ్ని. ఆ ముప్పై ఏళ్లలో నేను ఎవరి మాటకైనా నోరెత్తకుండా ఆగానంటే అది ఆమె మాటకే.

పెళ్లయి హైదరాబాదు వెళ్తూ నా దగ్గర అనుభవ పత్రం అడిగింది. లెటర్ ప్యాడ్ మీద మంచి ఇంగ్లీషులో పేజీ నిండా రాసి, సంతకం పెట్టి, స్టాంపు కూడా వేసి ఇచ్చాను. నెల తర్వాత ఫోన్ చేసింది. "సార్, మీరు రాసింది చదివి బాగుందన్నారు. కానీ ఏం చదివావు అని అడిగారు సార్" అంది. చివరికి కొత్తగా చేరే పిల్లకిచ్చే జీతానికే చేరింది. పదకొండేళ్ల పని ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ఇందులో నా తప్పు ఒకటుంది. పళ్ల వైద్యానికి సంబంధించి రెండేళ్ల డిప్లొమాలు ఉన్నాయని నాకు తెలుసు. వాటికి ఇంటర్ సైన్సు కావాలని తెలుసు. ఆ అమ్మాయి పద్దెనిమిదేళ్లకు నా దగ్గర చేరిన రోజు నుంచీ తెలుసు. చెప్పలేదు. చెప్తే వెళ్లిపోతుంది, మళ్లీ కొత్త పిల్లకి సక్షన్, అంటే నోట్లో నీళ్లు లాగే గొట్టం, పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాలి అన్న స్వార్థం. మా వృత్తిలో ఈ స్వార్థం లేనివాళ్లు తక్కువే అనుకుంటాను.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లి ఒక పాత సంగతి చెప్పాలి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంత వైద్యుడు ఉండేవాడు. 1885లో ఆయన తన క్లినిక్‌లో ఒక స్త్రీని సహాయానికి పెట్టుకున్నాడు. ఆడవాళ్లు ఒంటరిగా పళ్ల డాక్టరు దగ్గరికి రావడానికి జంకే రోజులు. లోపల ఒక స్త్రీ ఉంటుందని తెలిశాక రావడం మొదలుపెట్టారు. డెంటల్ అసిస్టెంటు ఉద్యోగానికి అక్కడివాళ్లు చెప్పుకునే పుట్టుక అదే. ఆ తర్వాత ఇరవయ్యొక్క ఏళ్లకు, 1906లో, కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జిపోర్ట్ ఊళ్లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే వైద్యుడు ఇంకో అడుగు వేశాడు. ఆయన దగ్గర ఐరీన్ న్యూమన్ అని ఒక అసిస్టెంటు ఉండేది, బంధువు కూడా. పళ్లకు గార పట్టకముందే శుభ్రం చేస్తే సగం జబ్బులు రావని ఆయన నమ్మకం. అన్ని నోళ్లూ తానొక్కడే శుభ్రం చేయలేడు. అందుకని గార గీయడం, పళ్లు పాలిష్ చేయడం ఆమెకు నేర్పాడు. 1913లో తన ఆఫీసు వెనక గుర్రపుబండి పెట్టుకునే షెడ్డులోనే తరగతులు మొదలుపెట్టాడు. 1917లో ఐరీన్ న్యూమన్‌కి డెంటల్ హైజీనిస్టుగా లైసెన్సు వచ్చింది. ప్రపంచంలో ఆ లైసెన్సు అందుకున్న మొదటి మనిషి ఆమే.

ఈ కథలో నాకు నచ్చేది ఫోన్స్ గొప్పతనం ఒక్కటే కాదు. ఆయన అసిస్టెంటుకి పని నేర్పి ఊరుకోలేదు. ఆ పనికి బడి పెట్టాడు, బడి నుంచి పరీక్ష వచ్చింది, పరీక్ష నుంచి లైసెన్సు వచ్చింది. ఇవాళ అమెరికాలో అసిస్టెంటు, హైజీనిస్టు వేరువేరు ఉద్యోగాలు. అక్కడి కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2023లో అసిస్టెంటు మధ్యస్థ వార్షిక వేతనం 46,540 డాలర్లయితే, హైజీనిస్టుది 87,530. ఒకే గదిలో, ఒకే కుర్చీకి అటొకరు ఇటొకరు నిలబడేవాళ్ల మధ్య తేడా అది.

మరి మన దగ్గర? 1948లో దంత వైద్యుల చట్టం వచ్చింది. అందులో ముగ్గురికి పేరూ రిజిస్టరూ ఉన్నాయి. ఒకరు డెంటిస్టు. రెండోవారు డెంటల్ హైజీనిస్టు, అంటే పళ్ల గార తీసి, పాలిష్ చేసి, పళ్లు ఎలా తోముకోవాలో నేర్పే మనిషి. మూడోవారు డెంటల్ మెకానిక్, అంటే కట్టుడు పళ్లు, క్యాపులు, తీగలు తయారుచేసే మనిషి. ఆ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని 2023లో పార్లమెంటు ఆమోదించింది. పాత చట్టం పెట్టిన ఆ మూడు రిజిస్టర్లలోనూ, డాక్టరు చేతికి పరికరం అందించే అసిస్టెంటుకి చోటు లేదు. ఆ అమ్మాయిని పదకొండేళ్ల తర్వాత హైదరాబాదులో ఆపింది ఈ ఖాళీయే.

కాబట్టి మొదటి మెట్టు స్పష్టంగానే ఉంది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే హైజీనిస్టు డిప్లొమా అయినా, మెకానిక్ డిప్లొమా అయినా రెండేళ్లలో చేయొచ్చు. మీ దగ్గర్లోని డెంటల్ కాలేజీకి వెళ్లి, ఈ కోర్సు మీ దగ్గర నడుస్తోందా, దీనికి గుర్తింపు ఉందా, పూర్తయ్యాక రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నా పేరు నమోదవుతుందా అని మూడు ప్రశ్నలు అడగండి. మూడో ప్రశ్నకి నీళ్లు నమిలితే ఫీజు కట్టకుండా వచ్చేయండి. ఆరు నెలల్లో డెంటల్ డిప్లొమా, ఇంటి దగ్గరే కూర్చుని సర్టిఫికెట్ అనే గోడ పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. వాటి జోలికి పోకండి.

పదో తరగతితో ఆపేసినవాళ్లు, ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నవాళ్లు ఏం చేయాలి? మన క్లినిక్‌లలో ఇలాంటివాళ్లే ఎక్కువ. ఓపెన్ స్కూల్లో సైన్సు సబ్జెక్టులతో ఇంటర్ రాసే వీలుంది. పని మానక్కర్లేదు. క్లినిక్‌లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఎలాగూ షట్టరు సగం దించే ఉంటుంది. కాకపోతే మీరు చేరదలుచుకున్న కాలేజీ ఆ ఇంటర్‌ని ఒప్పుకుంటుందా లేదా అన్నది ముందే కనుక్కోండి, తర్వాత కాదు.

ఇప్పుడు రెండు దారుల్లో ఏది మంచిది అంటారా? ఉన్నదున్నట్టు చెప్తాను. హైజీనిస్టు పని గౌరవమైనది, శుభ్రమైనది. కానీ మన ఊళ్ల ప్రైవేటు క్లినిక్‌లలో ఆ ఉద్యోగం అరుదు. కారణం చిన్నది. దేశంలో డెంటల్ కాలేజీలు మూడు వందలకు పైనే ఉన్నాయి. ఏటా వేలమంది బీడీఎస్ పిల్లలు బయటికొస్తున్నారు. హైజీనిస్టుకి ఇవ్వాల్సిన జీతానికి కాస్త అటూ ఇటూగా ఒక కుర్ర డాక్టరే దొరుకుతుంటే క్లినిక్ యజమాని హైజీనిస్టుని ఎందుకు పెట్టుకుంటాడు? అందుకని ఆ ఉద్యోగాలు ఎక్కువగా డెంటల్ కాలేజీల్లో, సైన్యంలో, పెద్ద ఆస్పత్రుల్లో ఉంటాయి. రైల్వేలోనూ ఉన్నాయి. 2024లో రైల్వే నియామక బోర్డు పారామెడికల్ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు అందులో డెంటల్ హైజీనిస్టు పోస్టు కనబడింది. ప్రారంభ మూలవేతనం 35,400 రూపాయలు. డిప్లొమా ఒక్కటే చాలదు, బయాలజీతో డిగ్రీ, రెండేళ్ల అనుభవం కూడా అడిగారు. పోస్టులెన్నో తెలుసా? దేశం మొత్తానికి 3. నిరుత్సాహపెట్టడానికి చెప్పడం లేదు. డిప్లొమాతో ఆగకుండా, పని చేసుకుంటూ దూరవిద్యలోనో మరోలానో డిగ్రీ గురించి కూడా ఆలోచించండి, ఏ నోటిఫికేషన్ ఏం అడుగుతోందో చదివి మరీ ఎంచుకోండి అని చెప్పడానికి.

మెకానిక్ పని సంగతి వేరు. ప్రతి ఊళ్లోనూ పళ్ల డాక్టర్ల అచ్చులు మోసుకుపోయే ల్యాబు కుర్రాళ్లు బైకుల మీద తిరుగుతుంటారు. ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో పళ్లు పేర్చి, అక్రిలిక్ ఉడికించి సెట్టు తయారుచేసేది ల్యాబులోనే. ప్లాస్టర్ దుమ్ము, అక్రిలిక్ ద్రవం ఘాటు, కళ్లకు శ్రమ, పీసు లెక్కన డబ్బు. సుఖమైన పనేం కాదు. అయితే ఈ పదిహేనేళ్లలో ల్యాబు రూపురేఖలే మారిపోయాయి. అచ్చును స్కానర్ మీద పెడితే కంప్యూటర్‌లో పన్ను బొమ్మ వస్తుంది. దాన్ని మౌసుతో చెక్కాలి. యంత్రం జిర్కోనియా దిమ్మె నుంచి క్యాపుని కోసి ఇస్తుంది. క్లినిక్‌లో పదేళ్లు కూర్చున్న అసిస్టెంటుకి ఇక్కడ ఒక వరం ఉంది. క్యాపు నోట్లో ఎక్కడ తగులుతుందో, పేషెంటు "ఎత్తుగా ఉంది డాక్టరుగారూ" అని ఎందుకు అంటాడో ఆమె కళ్లారా చూసింది. ల్యాబులోనే పెరిగినవాళ్లు ఆ నోరు ఎప్పుడూ చూసి ఉండరు. నా దగ్గర ఎవరైనా సలహా అడిగితే, చేతిలో పనితనం ఉండి, బొమ్మలు గీయడం ఇష్టమైతే, మెకానిక్ దారే పట్టమంటాను. ఇది నా అభిప్రాయం. హైజీనిస్టు మిత్రులు కోప్పడినా సరే.

కాగితం ఇప్పుడే కుదరనివాళ్లకు క్లినిక్ లోపలే ఇంకో బలం ఉంది. అది ఆటోక్లేవ్ దగ్గర ఉంటుంది. పరికరాలను ఆవిరిలో ఉడికించే ఆ పెట్టెలో 121 డిగ్రీల వేడి, తగినంత ఒత్తిడి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఉండాలి. ప్యాకెట్ మీద అంటించే టేపుపై నల్ల చారలు వస్తాయి. చాలామంది ఆ చారలు చూసి పని అయిపోయిందనుకుంటారు. అవి ఆ ప్యాకెట్‌కి వేడి తగిలిందని మాత్రమే చెప్తాయి. సూక్ష్మజీవులు నిజంగా చచ్చాయా అని తేల్చడానికి స్పోర్ పరీక్ష వేరే ఉంటుంది. ఈ తేడా తెలిసిన అసిస్టెంటుకి, తెలియని అసిస్టెంటుకి మధ్య నేనైతే జీతంలో తేడా చూపిస్తాను. ఆస్పత్రి చెత్తను వేరుచేసే నియమాలు 2016లో వచ్చాయి. రక్తం అంటిన దూదికి పసుపు సంచి, గ్లవ్స్‌కి ఎరుపు, సూదులకు గుచ్చినా చిరగని తెల్ల డబ్బా, గాజు సీసాలకు నీలం. పీకిన పన్ను పసుపులోకే, అంటే కాల్చే చెత్తలోకి. కానీ ఆ పన్నులో వెండి సిమెంటు ఉంటే అక్కడ కలపకూడదు, ఆ సిమెంటులో పాదరసం ఉంటుంది. ఇవన్నీ రోజూ రిజిస్టర్‌లో తేదీ వేసి రాసే అలవాటున్న అమ్మాయి ఏ పెద్ద ఆస్పత్రికి వెళ్లినా స్టెరిలైజేషన్ విభాగంలో ఆమె మాటకి విలువ ఉంటుంది. ఆ రిజిస్టర్ ఫోటోలు మీ దగ్గర ఉంచుకోండమ్మా. పేషెంట్ల పేర్లు కనబడకుండా.

అలాగే పంటి నంబర్లు. డాక్టరు "ఫోర్ సిక్స్" అనగానే అది కుడివైపు కింది దవడలో నడిమధ్య నుంచి లెక్కపెడితే ఆరో పన్ను అని తెలిసి చార్టులో గుర్తు పెట్టగలిగితే, కంప్యూటర్‌లో ఎక్కించగలిగితే, మీరు క్లినిక్ మేనేజరు కుర్చీకి సగం దూరం వచ్చేసినట్టే. నగరాల్లో పది పన్నెండు శాఖలున్న క్లినిక్‌లలో అపాయింట్‌మెంట్లు, బిల్లులు, సామాను నిల్వ, పేషెంటుకి ఖర్చు వివరించడం అన్నీ చూసేది ఇలా పైకొచ్చినవాళ్లే. ఇంప్లాంట్లు, సిమెంట్లు అమ్మే కంపెనీల్లోకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. డాక్టరుకి ఏ సిమెంటు ఎందుకు నచ్చదో వాళ్లకు చెప్పక్కర్లేదు కదా. ఎక్స్‌రే పని నచ్చితే రేడియోగ్రఫీ డిప్లొమా ఉంది, అది పళ్లకే పరిమితం కాదు.

విదేశాల గురించి రెండు మాటలు. బ్రిటన్‌లో డెంటల్ నర్సు అంటారు. 2008 నుంచి అక్కడి దంత వైద్య మండలిలో పేరు నమోదు లేనిదే ఆ పని చేయకూడదు. నమోదయ్యాక ఎక్స్‌రే తీయడం, మత్తుమందు సమయంలో సహాయం వంటి అదనపు అర్హతలు ఒక్కొక్కటీ చేర్చుకోవచ్చు. అమెరికాలో అసిస్టెంట్లకు జాతీయ స్థాయి పరీక్ష ఉంది, కొన్ని రాష్ట్రాలు వాళ్లకు అదనపు పనులు చేసే అనుమతి ఇస్తాయి. అక్కడ ఒక విచిత్రం చూశాను. మన గుంటూరు, విజయవాడ, హైదరాబాదుల్లో బీడీఎస్ చదివిన ఆడపిల్లలు పెళ్లయి వెళ్లాక, అక్కడి లైసెన్సు పరీక్ష రాసి మళ్లీ కాలేజీలో సీటు వచ్చేదాకా అసిస్టెంట్లుగా పనిచేస్తారు. ఒక అమ్మాయి నాతో అంది, "అంకుల్, ఇండియాలో నా అసిస్టెంటుని ఎన్నిసార్లు విసుక్కున్నానో సక్షన్ నా చేతికొచ్చాక తెలిసింది" అని. గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే మీ సర్టిఫికెట్లను మూలం దగ్గరే తనిఖీ చేస్తారు, చాలాచోట్ల పరీక్ష కూడా ఉంటుంది. లెటర్ ప్యాడ్ మీది పొగడ్త అక్కడ అసలు పనికిరాదు. ఏజెంటు అన్నవాడు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉన్నాడా లేడా చూసుకునే డబ్బు చేతిలో పెట్టండి.

ఇక వెళ్లకూడని దారి. దీని గురించి మాట్లాడకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. పదేళ్లు డాక్టరు పక్కన నిలబడి, సూది ఎలా వేస్తారో, పన్ను ఎలా కదుపుతారో చూసి, ఒకరోజు మండల కేంద్రంలో ఒక గది అద్దెకి తీసుకుని బోర్డు పెట్టినవాళ్లు మనకు తెలుసు. వాళ్ల పనితనాన్ని నేను తక్కువ చేయను. కొందరిది చాలా మంచిది. కానీ రిజిస్టర్‌లో పేరు లేకుండా పళ్ల వైద్యం చేయడం, గార తీయడం, కట్టుడు పళ్లు కట్టడం నేరమని 1948 చట్టంలోనే రాసి ఉంది.

ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు, పల్లెటూరి రైతు. ముందు పన్ను లేని చోట ఎవరో పచ్చి అక్రిలిక్ ముద్ద నేరుగా నోట్లోనే పెట్టి, అటూ ఇటూ ఉన్న మంచి పళ్లకు తీగతో కలిపి బిగించారు. కదలని పన్ను అని చెప్పారట. నెలరోజుల్లో చిగురు వాచి, నోరు దుర్వాసన. నేను డ్రిల్లుతో ఆ ముద్దని ముక్కలు ముక్కలుగా కోసి తీశాను. కింద చిగురు పచ్చి పుండు. అటూ ఇటూ మంచి పళ్లు రెండూ ఊగుతున్నాయి. పక్కన నా అసిస్టెంటు సక్షన్ పట్టుకుని నిలబడి ఉంది. అంతా అయ్యాక మెల్లగా అడిగింది, "సార్, ఇది చేసినతను మునుపు ఎవరి దగ్గర పనిచేశాడో?" అని. నేను జవాబు చెప్పలేదు. జవాబు మా ఇద్దరికీ తెలుసు. అతనికి పైకెళ్లే దారి ఒకటుందని ఏ డాక్టరూ చెప్పి ఉండడు. అందుకని పక్కదారి పట్టాడు.

పదకొండేళ్లు ఉన్న ఆ అమ్మాయి హైదరాబాదు వెళ్లిపోయాక నా దగ్గర చేరిన పిల్ల ఇంటర్ బైపీసీ. ఈసారి డిప్లొమా సంగతి మొదటివారంలోనే చెప్పాను. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ నా ఖర్చుతో వేయించాను, రక్తంతో పని కాబట్టి అది ఏ అసిస్టెంటైనా మొదటిరోజే అడగాల్సింది. మూడేళ్లు చేసింది. డిప్లొమాలో సీటు వచ్చింది, వెళ్లిపోయింది. ఆ తర్వాతి వేసవి మొత్తం ఆల్జినేట్ నేనే కలుపుకున్నాను. రెండుసార్లు గిన్నెలోనే బిగుసుకుపోయింది.

ఈ ప్రసంగం వింటున్న నా తోటి పళ్ల డాక్టర్లకు ఒక మనవి. రేపు పొద్దున క్లినిక్ తెరిచాక, మొదటి పేషెంటు రాకముందు, మీ పక్కన స్టూలు మీద కూర్చునే అమ్మాయినో అబ్బాయినో ఒక్క ప్రశ్న అడగండి. "ఇంటర్‌లో ఏ గ్రూపు?" సైన్సయితే డిప్లొమా సంగతి చెప్పండి. కాకపోతే ఓపెన్ స్కూలు ఫీజు మీరు కట్టండి. మన క్లినిక్‌లలో అదేం పెద్ద ఖర్చు కాదు.